భోజనం లేని మీటింగు

రోటరీ క్లబ్బంటే నాకు చిన్నప్పట్నుంచీ భోజనమే గుర్తు. నాన్నగారికి మీటింగున్న రాత్రి మా ఇంట్లో ఓ గిద్దెడు బియ్యం తక్కువ పడేవి! 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు మిత్రులతో దీన్ని మొదలుపెట్టాడు. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలుసుకునేవారు. అలా తిరగడం వల్లే ఆ పేరు.

మరి కలుసుకోవడమే ప్రాణమైన క్లబ్బుకి కలవొద్దనే జబ్బొస్తే? 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికాలో చాలా ఊళ్లలో సభలు ఆపేశారు. కాలిఫోర్నియాలోని బర్కిలీ క్లబ్బువారు నాలుగు గోడలూ వదిలి పార్కులో సమావేశమయ్యారు. అందరూ మగవాళ్లే లెండి. రోగుల పక్కన రాత్రిళ్లు కూర్చున్న ఆడవాళ్లకి అందులో చోటేదీ? ప్రపంచమంతటా మనల్ని చేర్చుకునేలా నిబంధన మారింది 1989లో!

2020లో కరోనాకి పార్కులు కూడా మూతపడ్డాయి. హోనొలులులో జరగాల్సిన మహాసభ తెరమీదికి మారింది. పోలియో చుక్కల కార్యక్రమం కొన్ని నెలలు ఆగింది. ఆ పనివాళ్లే కరోనా జాడలు వెతికారు. వారం వారం మీటింగులు ఫోనులోకొచ్చాయి.

మా వదిన సభ్యురాలైంది అప్పుడే. ఫోను ఉప్పుడబ్బాకి ఆనించి, పోపు వేస్తూ వినేది. ఓసారి మైకు ఆపడం మర్చిపోతే, ప్రెసిడెంటుగారి ప్రసంగం మధ్యలో మా కుక్కరు కూసింది. "గడప దాటకుండా మీటింగు! ఎవరికి సంజాయిషీ చెప్పాలి వదినా?" అని మురిసిపోయింది.

ఇప్పుడు మీటింగులు మళ్లీ హోటల్లోనే, రాత్రి ఎనిమిదింటికి. వదిన వెళ్లడం మానేసింది.