ప్సికియాత్రికో: ఒక విశేషణపు చరిత్ర

ఇటాలియన్ భాషలో మానసిక వైద్యమునకు సంబంధించిన దానిని ‘ప్సికియాత్రికో’ అందురు. గ్రీకు భాషలో ‘ప్సీఖే’ అనగా ఆత్మ, మనస్సు. ‘ఇయాత్రోస్’ అనగా వైద్యుడు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకములు అనునప్పుడు మన విశేషణము మారదు. ఇటాలియన్‌లో మారును: స్త్రీలింగమున ప్సికియాత్రికా, బహువచనమున ప్సికియాత్రిచి, ప్సికియాత్రికే. నాలుగును అజంతములే గనుక తెలుగు పిల్లల నోట సులువుగా పలుకును.

అయితే ఈ పదము ఏ నామమునకు ముడిపడినదనుటలోనే అసలు చరిత్ర యున్నది. మూడు చట్టముల పేర్లు చూడుడు.

1904 నాటి 36వ చట్టము పేరులో ఈ విశేషణమే లేదు. అందున్నవి ‘మానికోమి’, అనగా పిచ్చాసుపత్రులు. ‘అలియెనాతి’, అనగా మతి తప్పినవారు. ఈ రెండవ మాటకు మూలార్థము పరాయివారైనవారు! తనకుగాని ఇతరులకుగాని ప్రమాదకరమైనవారిని, నలుగురిలో రచ్చకు కారణమైనవారిని అచట నిర్బంధించెడివారు. ఆ సంగతి నేరముల చిట్టాకును ఎక్కెడిది.

1968 నాటి 431వ చట్టము పేరులో ‘అసిస్తెన్జా ప్సికియాత్రికా’, అనగా మానసిక వైద్య సహాయము, అని వచ్చినది. సహాయము ఆ భాషలో స్త్రీలింగము గనుక ‘కా’. రోగి తన ఇష్టముతో చేరుటకు వీలు కలిగినది. చిట్టాలో వ్రాయుట పోయినది. గోడలు మాత్రము నిలిచినవి.

వైద్యుడు ఫ్రాంకో బజాల్యా 1961లో గోరిజియా ఆసుపత్రికి, 1971లో త్రియెస్తే ఆసుపత్రికి అధిపతిగా వచ్చి తలుపులు తెరచినాడు. 1973లో త్రియెస్తే రోగులు, కళాకారులు కలిసి చేసిన పెద్ద నీలి గుఱ్ఱమును వీధులలో ఊరేగించిరి. పూర్వము అచట మాసిన బట్టల బండి లాగిన మార్కో అను గుఱ్ఱము పేరే దానికి పెట్టిరి.

1978 మే 13 నాటి 180వ చట్టము పేరులో పిచ్చియు లేదు, ప్సికియాత్రికోయు లేదు. ‘ఆరోగ్య’ చికిత్సలు అని మాత్రమే యున్నది. క్రొత్త మానసిక వైద్యశాలలు కట్టరాదని శాసించి, సాధారణ ఆసుపత్రులలోనే పదునైదు పడకలకు మించని విభాగములను ఏర్పరచినది. విశేషణము ఆసుపత్రిని విడిచి ‘సేవ’ను చేరినది.

పేరు మార్పు ఒక్కటే చాలునా? నేరము చేసిన రోగులనుంచు ‘మానికోమియో’లకు 1975లోనే ‘ప్సికియాత్రికో’ పేరు తగిలించిరి. వాటి మూసివేతకు గడువు మాత్రము 2015 మార్చి 31. మనకును మానసిక వైద్యశాల అను చక్కని మాట యున్నది. అయినను హైదరాబాదులో ఎఱ్ఱగడ్డ, చెన్నపట్నములో కీల్పాక్ అను పేటల పేర్లు నేటికిని ఎగతాళి మాటలుగానే వినబడుచున్నవి.