వాసన పరీక్షకు గాలి నమూనాల సేకరణ, నిల్వ: తీరగ్రామాలలో పాటించవలసిన పద్ధతి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు నిర్మాణానికి 2020 నవంబరు 21న శంకుస్థాపన జరిగింది. చేపలు దించే రేవు, వేలంపాట షెడ్డు, చేపలు ఎండబెట్టే దిబ్బలు, కడిగిన నీరు పారే కాలువలు ఉన్న ఏ తీరంలోనైనా దుర్వాసనపై ఫిర్యాదులకు అవకాశం ఉంటుంది. అయితే ఫిర్యాదు అందుకున్న అధికారి చేరుకునే సమయానికి గాలి మళ్లి వాసన లేకుండాపోవడం కద్దు. గాలిని ఏ వేళ పట్టినదీ, ప్రయోగశాలకు చేరేవరకు ఏ విధంగా ఉంచినదీ అన్న రెండు విషయాలపైనే అటువంటి ఫిర్యాదు నిలబడుతుంది.

చేప చెడిపోయేటప్పుడు దాని కండలోని ట్రైమిథైలమీన్ ఆక్సైడును బాక్టీరియా ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. చేపల వాసనకు ముఖ్య కారణం ఇదే. నిలిచిన మురుగు నుండి హైడ్రోజన్ సల్ఫైడు వెలువడుతుంది. గాలిలో వంద కోట్ల భాగాలకు ఒక భాగంకంటె తక్కువగా ఉన్నా ఈ రెండింటినీ మనిషి ముక్కు పసిగట్టగలదు. కార్మికుల భద్రత కోసం వాడే చేతిమీటర్లు సాధారణంగా అంత స్వల్ప పరిమాణాన్ని చూపలేవు. 2009 నవంబరు 18న ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాలలోని 12 కాలుష్యకాలలో అమ్మోనియా ఉన్నది (24 గంటల సగటు ఘనపు మీటరుకు 400 మైక్రోగ్రాములు) గాని, పై రెండు వాయువులూ లేవు. కనుక "గాలి ప్రమాణాలకు లోబడి ఉన్నది" అనే నివేదికను "వాసన లేదు" అనే అర్థంలో ప్రచురించడం సరికాదు.

వాసన తీవ్రతను కొలిచేందుకు నేటికీ మనిషి ముక్కే ఆధారం. 2003లో వెలువడి 2022లో సవరించబడిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 13725 ప్రకారం, ఎంపిక చేసిన పరీక్షకుల బృందానికి నమూనాను శుభ్రమైన గాలితో పలుచన చేసి అందిస్తారు. బృందంలో సగం మంది మాత్రమే గుర్తించగలిగే స్థాయికి ఎన్ని రెట్లు పలుచన చేయవలసి వచ్చినదో అదే వాసన గాఢత. జపాన్ 1971లోనే దుర్వాసన నియంత్రణ చట్టం చేసి, తొలుత నియంత్రించిన 5 పదార్థాలలో ట్రైమిథైలమీన్‌ను చేర్చింది. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో వాసన కాలుష్యంపై మార్గదర్శకాలు వెలువరించింది.

సేకరణకు టెడ్లార్, టెఫ్లాన్, నాలోఫాన్ సంచులు వాడుతారు. మామూలు పాలిథీన్ సంచి పనికిరాదు. దానికి తన సొంత వాసన ఉంటుంది. ఖాళీ సంచిని గట్టి పెట్టెలో ఉంచి, పెట్టెలోని గాలిని పంపుతో లాగినప్పుడు, బయటి గాలి గొట్టం ద్వారా సంచిలోకి చేరుతుంది. ఊపిరితిత్తులు పనిచేసే తీరు ఇదే. నమూనా పంపును తాకదు కాబట్టి పంపు వాసన అంటదు. మొదట ఒకసారి నింపి, ఖాళీ చేసి, మరల నింపవలెను. పగలు సముద్రం నుండి, రాత్రి నేల నుండి గాలి వీచే తీరంలో ఒక్క నమూనా చాలదు. వాసన మూలానికి గాలి వచ్చే వైపున ఒకటి, పోయే వైపున ఒకటి తీయవలెను. శుభ్రమైన గాలి నింపిన సంచి ఒకటి పోలికకు వెంట ఉండవలెను. చాలాసేపు అక్కడే నిలిచిన అధికారికి వాసన తగ్గినట్టు తోచవచ్చు. అది ముక్కు అలవాటుపడడమే గాని గాలి మారడం కాకపోవచ్చు.

ఎక్కువ పొరపాట్లకు ఆస్కారం నిల్వలోనే ఉన్నది. చేపను కాపాడే మంచు గాలి నమూనాను పాడుచేస్తుంది. తీరప్రాంతపు తేమగాలిని చల్లబరిస్తే సంచి లోపల నీటిబొట్లు పట్టి, అమ్మోనియా, ట్రైమిథైలమీన్ వాటిలో కరిగిపోతాయి. పరీక్షలో వాసన తక్కువగా తేలుతుంది. ఎండలో ఉంచినా నమూనా మారిపోతుంది. నీరు పట్టనంత వెచ్చగా, అయితే 25 డిగ్రీల సెల్సియస్‌కు మించకుండా, చీకటి పెట్టెలో ఉంచవలెను. తేమ మరీ ఎక్కువైతే సేకరించేటప్పుడే పొడి నైట్రోజన్ కలిపి, ఆ పాళ్లు నమోదు చేయవలెను. 2003 నాటి ప్రమాణం సేకరణకు, పరీక్షకు నడుమ గరిష్ఠంగా 30 గంటలు అనుమతించింది. జర్మనీ మార్గదర్శకం 6 గంటలే అన్నది. అందువల్ల పరీక్షకుల బృందం అందుబాటును ముందుగా నిర్ధారించుకున్న తరువాతనే నమూనా తీయడం ఉచితం. వాసన తీవ్రత కాక ఏ రసాయనాలు ఉన్నవో తెలియవలెనన్నచో, గాలి తీసివేసిన స్టీలు క్యానిస్టర్లు చాలా కర్బన ఆవిరులకు అనువైనవి. అమ్మోనియాను సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పట్టవలెను.

పొగగొట్టం లేదా ఇతర నిర్గమ మార్గం నుండి తీసిన నమూనాకు వాయు కాలుష్య నియంత్రణ చట్టం, 1981లోని 26వ సెక్షన్ వర్తిస్తుంది. యజమానికి లేదా ఆయన ప్రతినిధికి అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో నమూనా తీసి, పాత్రకు గుర్తు పెట్టి, సీలు వేసి, ఉభయులూ సంతకం చేసి, జాప్యం లేకుండా ప్రయోగశాలకు పంపవలసి ఉంటుంది. ఈ విధానం పాటించని పరీక్షాఫలితం న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లదు. యజమాని కావాలని హాజరు కాకపోయినా, సంతకానికి నిరాకరించినా నమూనా తీసిన అధికారి సంతకంతో పంపే వీలు ఆ సెక్షన్‌లోనే ఉన్నది. బహిరంగ ప్రదేశంలో ఇబ్బంది తొలగింపునకు భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023లోని 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు అధికారం ఉన్నది.

సంచిపై సేకరించిన స్థలం, తేదీ, గంట, గాలి దిశ, ఉష్ణోగ్రత, తేమ వ్రాయవలెను. విలేకరులు పరీక్షాఫలితాన్ని ప్రచురించేటప్పుడు సేకరించిన గంట, పరీక్షించిన గంట రెండూ అడిగి తెలుసుకొనవచ్చును.