వైద్యశాల మూతపడిన తరువాత ఆ స్థలము ఎవరిది? గోదావరి డెల్టా సంఘములకు ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

గోదావరి డెల్టాలో "మిషను కాంపౌండు" అనే మాట తెలియనివారు ఉండరు. దేవాలయము, బడి, బోర్డింగు, వైద్యశాల ఒకే గోడలోపల ఉండేవి. కాలక్రమేణా కొన్ని వైద్యశాలలు కుంచించుకుపోయాయి, కొన్ని మూతపడ్డాయి. చుట్టూ పట్టణము పెరిగి స్థలము విలువ హెచ్చింది. అప్పుడు కమిటీ ముందుకు ఒక ప్రశ్న వస్తుంది: అమ్మాలా, లీజుకివ్వాలా, దుకాణాల సముదాయము కట్టాలా? ఈ ప్రశ్నకు జవాబు దస్తావేజులో మాత్రమే వెదకటము చాలదనీ, ప్లాను గీయకముందే ఆ స్థలములోను, దాని చుట్టూను నివసించేవారిని అడగటము మన చరిత్రే మనపై పెట్టిన బాధ్యత అనీ చూపటము ఈ వ్యాసము ఉద్దేశ్యము.

అనేకుల చేతులతో కట్టబడినవి

ఈ ప్రాంతములో సువార్తతోపాటు వైద్యము కూడా త్వరగానే వచ్చింది. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యరు స్వదేశము వెళ్ళినప్పుడు బాల్టిమోరులో వైద్యవిద్య అభ్యసించి తిరిగి వచ్చారు. డెబ్బై దాటిన వయసులో, 1869లో, రాజమండ్రి పనిని నిలబెట్టటానికి మళ్ళీ ఓడ ఎక్కారు. అదే రాజమండ్రిలో 1899లో వచ్చిన డాక్టర్ లిడియా వోర్నర్ స్త్రీలకు, పిల్లలకు ఆరంభించిన వైద్యము క్రమేణా వైద్యశాలగా ఎదిగింది. కెనడా బాప్తిస్టు మిషను 1874లో కాకినాడలో పని ఆరంభించినప్పుడు అక్కడ నేలను అప్పటికే దున్నినవాడు థామస్ గాబ్రియేలు అనే తెలుగు సేవకుడు. ఆ మిషను పరిచర్యలోనే రామచంద్రపురములో మిస్ హేచ్ కృషి వలన కుష్ఠురోగుల ఆశ్రమము ఏర్పడింది.

ఈ పేర్లు చెప్పుకునేటప్పుడు మరికొందరిని మరచిపోతూ ఉంటాము. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వైద్యశాలకు ఏలూరు జమీందారు రాజా భుజంగరావు చేసిన సహాయము ఇందుకు మంచి ఉదాహరణ. తన కుటుంబము పొందిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగి వండుకోవటానికి ఆయన అక్కడ సత్రము కట్టించారు. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా ఆ వైద్యశాలను తనదిగా భావించాడు. కాటన్ దొర ఆనకట్ట (1847-1852) తరువాత కాలువల్లో పడవల మీద ప్రయాణించే రోజుల్లో నొప్పులు పడుతున్న కోడలిని ఎక్కించుకొని బయలుదేరిన అత్తగారిది కూడా అలాంటి నమ్మకమే. ఆయాలు, కాంపౌండర్లు, నర్సులు, బైబిలు స్త్రీలు తక్కువ జీతాలకు జీవితకాలము పనిచేశారు. పట్టా మిషను పేరున ఉన్నది నిజమే. అయితే ఆ స్థలాన్ని వైద్యశాలగా నిలబెట్టినది ఈ ప్రజల నమ్మకము, శ్రమ.

ఎందుకు ఖాళీ అయ్యాయి?

వైద్యశాలల క్షీణతను కేవలము నిర్వాహకుల వైఫల్యముగా చూడటము న్యాయము కాదు. క్షయకు మంచి గాలి, విశ్రాంతి తప్ప వేరు మందు లేని కాలములో శానిటోరియములు వెలిశాయి. 1915లో మదనపల్లె దగ్గర మిషన్లు కలిసి ప్రారంభించిన ఆరోగ్యవరము వాటిలో ప్రసిద్ధమైనది. రాజమండ్రి దగ్గర విశ్రాంతిపురము కూడా అటువంటిదే. 1956లో మద్రాసులో ప్రారంభమైన కేంద్రము, క్షయరోగి ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినా ఆస్పత్రిలో ఉన్నవాడితో సమానముగా కోలుకుంటాడని 1959 నాటికి నిరూపించింది. దానితో వందల మంచాలు అవసరము లేకపోయాయి. కుష్ఠు విషయములోనూ అంతే. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. 2005 డిసెంబరు నాటికి జాతీయ స్థాయిలో వ్యాధి పదివేలమందిలో ఒకరికంటే తక్కువకు దిగింది.

అంటే కొన్ని స్థలాలు ఖాళీ కావటము వైద్యము సాధించిన జయము. ఆరోగ్యవరము సాధారణ వైద్యశాలగా మారి కొనసాగింది. అయితే రోగము నయమైనా ఊరు తిరిగి చేర్చుకోని మనుషులు కుష్ఠు ఆశ్రమాలలో మిగిలిపోయారు. వారికి ఆ కాంపౌండే ఊరు. ఏ ప్లానైనా మొదట అడగవలసినది వారినే.

ఎర్రగడ్డ నేర్పిన పాఠము

అడగకుండా నిర్ణయిస్తే ఏమవుతుందో హైదరాబాదు చూపింది. 2015 జనవరిలో తెలంగాణ మంత్రివర్గము సచివాలయాన్ని ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి స్థలానికి తరలించాలని, ఆస్పత్రిని వికారాబాదు దగ్గర అనంతగిరికి పంపాలని నిర్ణయించింది. ప్రశ్న ఎవరినీ అడగకముందే జవాబు ప్రకటించబడింది. వైద్యులు, సిబ్బంది, పౌరులు వ్యతిరేకించారు. పేద క్షయరోగి అంత దూరము ఎలా వెళ్ళగలడన్నది వారి వాదన. చివరికి ఆ ఆలోచన అమలు కాలేదు. కొత్త సచివాలయము పాత చోటనే కట్టబడి 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ఎర్రగడ్డ స్థలములో 2022 ఏప్రిల్‌లో మరొక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. ప్రజలు చెప్పినది అభివృద్ధి వద్దని కాదు, ఆ స్థలము వైద్యానికే ఉండాలని. ముందే అడిగి ఉంటే ఆ సంగతి ముందే తెలిసేది.

అడగటము కొత్త సంగతి కాదు

1914లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండు ఆహ్వానముపై వచ్చిన పాట్రిక్ గెడ్డిస్ ఈ రాష్ట్రపు పట్టణాలలో నడిచి తిరిగి, పేటలను కూలగొట్టకుండా అవసరమైన చోట మాత్రమే కత్తి పెట్టే వైద్యుని పద్ధతిని సూచించారు. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టము, ముసాయిదా పథకాన్ని ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించాలని ఏర్పరచింది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు లేక అంతకు మించిన జనాభాగల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలన్నది. 2011 లెక్కల ప్రకారము రాజమండ్రి ఆ కోవలోనిదే. అయితే ఈ చట్టాలు ముఖ్యముగా ప్రభుత్వాన్ని, పురపాలక సంస్థలను కట్టడి చేస్తాయి. సంఘము తన సొంత స్థలాన్ని గురించి తీర్మానించేటప్పుడు పొరుగువారిని పిలవమని బలవంతపెట్టేది మనస్సాక్షి, వాక్యము.

వాక్యము ఈ విషయములో మౌనముగా లేదు. నెహెమ్యా మొదట రాత్రివేళ గోడలను తానే చూచి, తరువాత ప్రజలను పిలిచి పని వారిదిగా చేశాడు (నెహెమ్యా 2). కట్టడము మధ్యలో బీదలు తమ పొలాలు తాకట్టు పోయాయని మొరపెట్టినప్పుడు సమాజమును కూర్చి ఆ మొర తీర్చాడు (నెహెమ్యా 5). యెరూషలేము సంఘములో విధవరాండ్ర విషయమై సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు గదిలో కూర్చుని తీర్పు చెప్పలేదు. అందరినీ పిలిచి, మనుష్యులను ఏర్పరచుకొనే పని వారికే అప్పగించారు (అపొ. కార్య. 6). ఫిర్యాదు చేసినవారిని వారు విరోధులుగా ఎంచలేదు.

సేవకులు చేయదగినది

ఒకటి, ప్లాను గీయించకముందు కాంపౌండులో నివసించేవారు, దాని గుండా నడిచేవారు, దాని బావిని, సమాధుల తోటను వాడేవారు ఎవరో పేరు పేరునా వ్రాయాలి. రెండు, దస్తావేజులు తీసి ఆ స్థలము ఏ ఉద్దేశ్యానికి ఇవ్వబడినదో చదివి వినిపించాలి. మూడు, కూలిపనివారు రాగల సాయంత్రవేళ పేటలవారీగా కూడికలు పెట్టి, స్త్రీల మాట విడిగా వినాలి. అన్యమతస్థులైన పొరుగువారిని కూడా పిలవాలి. నాలుగు, నమూనా పటాన్ని దేవాలయపు గోడకు అంటించి, వచ్చిన ప్రతి అభ్యంతరానికి వ్రాతపూర్వకముగా జవాబివ్వాలి. ఐదు, వచ్చే ఆదాయము, దాని ఖర్చు అందరికీ తెలిసేలా లెక్క చెప్పాలి.

ముగింపు

అందరినీ అడిగితే పని ఆలస్యమవుతుందని కమిటీ సభ్యులు అంటారు. నిజమే. కాని అడగకుండా తీసుకున్న నిర్ణయాలు కోర్టు మెట్లెక్కి ఎన్ని సంవత్సరాలు తింటున్నాయో సంఘ పెద్దలకు తెలియనిది కాదు. మన పితరులు రోగి కులము, మతము అడగకుండా తలుపు తెరిచారు కాబట్టే డెల్టా ప్రజలు ఆ కాంపౌండులను తమవిగా ఎంచారు. అమ్మినా, కట్టినా, మళ్ళీ వైద్యానికే ఉంచినా, ఆ ప్రజలను పిలిచి విన్న తరువాతనే తీర్మానము వ్రాయాలి.