తీగల మీది పిడుగు: టెలిఫోను రక్షణ చరిత్రలో నేల పాత్ర

పిడుగులో సాధారణంగా 30,000 ఆంపియర్ల స్థాయిలో విద్యుత్తు ప్రవహిస్తుంది. సంభాషణను మోసే టెలిఫోను తీగలో పారేది ఆంపియరులో కొన్ని వందో వంతులే. స్తంభాల మీద సాగే తీగలకు ఈ అంతరమే మొదటినుంచీ ముప్పుగా ఉంది. పిడుగు నేరుగా తగిలితే తీగ కరుగుతుంది, పింగాణీ ఇన్సులేటర్లు పగులుతాయి, కర్రస్తంభాలు చీలిపోతాయి. అయితే అంతకన్నా తరచుగా నష్టం కలిగించేది దగ్గరలో ఎక్కడో పడిన పిడుగు విద్యుదయస్కాంత ప్రభావంతో తీగలో క్షణకాలం పుట్టే అధిక వోల్టేజి, అంటే ప్రేరిత వోల్టేజి.

ఈ సమస్యను టెలిఫోను కన్నా ముందే టెలిగ్రాఫు ఎదుర్కొంది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1846లో టెలిగ్రాఫు తీగలపై పిడుగు ప్రభావాన్ని వివరించగా, మరుసటి ఏడు ఫ్రాన్సులో లూయీ బ్రెగే, స్టేషనులోకి వచ్చే తీగను సన్నగా ఉంచితే అదే ముందు కరిగి యంత్రాన్ని కాపాడుతుందని సూచించాడు. నేటి ఫ్యూజుకు మూలమైన ఆలోచన ఇదే. నిజాం రాజ్యంలో 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరిన రైలుమార్గం, దాని వెంట టెలిగ్రాఫు తీగలు జనగామ మీదుగానే సాగాయి. ఆ కాలపు టెలిగ్రాఫులో ఒకే తీగ ఉండి, తిరుగుదారిగా నేల పనిచేసేది.

టెలిఫోనుకు రెండు తీగలు వాడడం స్థిరపడ్డాక రక్షణ పద్ధతీ మారింది. తీగకూ భూమికీ మధ్య అతి సన్నని ఖాళీతో రెండు కర్బన దిమ్మెలను అమర్చితే, హద్దు మీరిన వోల్టేజి ఆ ఖాళీని దాటి నేలలోకి పోతుంది. వీటి స్థానంలో తరువాత వచ్చిన వాయునాళికల్లో మూడు ధ్రువాలు ఉన్నవి రెండు తీగలనూ ఒకేసారి భూమికి కలుపుతాయి. ఒక తీగలోని వోల్టేజి ముందుగా నేలలోకి పోతే రెండింటి మధ్య ఏర్పడే తేడా ఫోను మీద పడుతుంది కాబట్టి ఈ ఏర్పాటు అవసరమైంది. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సి-డాట్ రూపొందించిన చిన్న ఎక్స్ఛేంజీలు 1986 నుంచి గ్రామాలకు చేరడంతో ఈ రక్షణ మరింత కీలకమైంది. పాత యాంత్రిక రిలేలు తట్టుకోగల దెబ్బను ఎలక్ట్రానిక్ చిప్పులు తట్టుకోలేవు.

ఇన్ని పరికరాలు వచ్చినా చివరి తీర్పు నేలదే. ఎర్తు నిరోధం 10 ఓములున్న చోట 1,000 ఆంపియర్లు దిగితే ఎర్తు తీగ వోల్టేజే 10,000కు లేస్తుంది. తెలంగాణలో 2016లో జనగామ జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరిన తరిగొప్పుల పరిసరాల్లో గట్టి రాతిపొర మీద పలుచని ఎర్రచల్క నేలలే ఎక్కువ. గాలిదుమారంతో, ఉరుములతో వానలు పడే ఏప్రిల్, మే నెలల్లోనే అవి బాగా ఎండి నిరోధం పెరుగుతుంది. అందుకే ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయడం ఇక్కడ ఎర్తు పనిచేసేందుకు తప్పనిసరి.

తాగునీటి పథకమైన మిషన్ భగీరథ పైపుల కందకాల వెంట రాష్ట్ర ఇంటర్నెట్ పథకం టి-ఫైబర్ తీగలు వేయడంతో గాజుపోగు విద్యుత్తును మోయదన్న ధీమా పెరిగింది. కానీ ఆ పోగు కొసన ఉన్న మోడెముకు కరెంటు స్తంభాల మీది తీగ ద్వారానే వస్తుంది, సెల్ టవరు ఎత్తున లోహంతోనే నిలుస్తుంది. అందువల్ల మారింది పిడుగు ప్రవేశించే దారి మాత్రమే కాగా, ఎర్తు నిరోధాన్ని తొలకరి తర్వాత కాక ఎండలు ముదిరిన రోజుల్లోనే కొలవవలసిన అవసరం తీగల కాలంలో ఎంతో నేడూ అంతే.