కాలువ గట్టుకు ఎగువ, దిగువ: పశ్చిమగోదావరి మెట్ట–డెల్టా విభజన ఆర్థిక మూలాలు

నల్లజర్ల నుంచి తాడేపల్లిగూడెం వైపు దిగుతుంటే ఎర్రనేలలు, ఆయిల్‌పామ్ తోటలు, కొబ్బరి నీడన పెంచే కోకో వెనకబడి, ఒండ్రునేలల్లో వరిచేలు మొదలవుతాయి. నేలల్లో తేడా ప్రకృతి సిద్ధమైనదే. సంపదలో తేడా మాత్రం గత 170 ఏళ్లలో ఏర్పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

ఆనకట్టకు ముందు

డెల్టా మొదటినుంచీ అన్నపూర్ణ కాదు. 1821లో సుమారు 7.38 లక్షలున్న నాటి రాజమండ్రి జిల్లా జనాభా, నందన నామ సంవత్సరపు కరువు తర్వాత 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. ఆ దుస్థితిపై 1844లో బ్రిటిష్ అధికారి హెన్రీ మౌంట్‌గోమరీ నివేదిక ఇచ్చాడు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది.

కాలువ గీసిన హద్దు

ఆనకట్ట నీరు పల్లానికే పారింది. ఏలూరు కాలువకు దిగువన వరి స్థిరపడింది. అదే కాలువ సరుకుల పడవలకూ దారి అయింది. ధాన్యం మిగులు రైసు మిల్లులకు, వడ్డీ వ్యాపారానికి, పిల్లల పట్నం చదువులకు పెట్టుబడిగా మారిన తీరును కోస్తా రైతు–పెట్టుబడిదారులపై 1988లో పరిశోధకురాలు కేరల్ ఉపాధ్య రాసిన వ్యాసం వివరించింది. ఎగువన మెట్ట రైతుకు అప్పట్లో చెరువూ వానా మాత్రమే ఆధారం.

మెట్టలో రెండో చీలిక

కరెంటు, బోరు వచ్చాక మెట్ట కూడా పచ్చబడింది. కానీ కాలువ నీరు ప్రభుత్వ పెట్టుబడితో వస్తే, బోరు నీరు రైతు సొంత ఖర్చుతో వచ్చింది. బోరు ఎండితే అప్పు మిగులుతుంది. ఆయిల్‌పామ్ మొక్క నాటాక కాపు కోసం మూడు నాలుగేళ్లు ఆగాలి. ఏటా కౌలు కట్టే రైతు అన్నాళ్లు ఆగలేడు. పరాయి భూమిలో పాతికేళ్ల తోట వేయనూ లేడు. అందుకే తోటల లాభం ప్రధానంగా భూమి, బోరు రెండూ ఉన్నవారికే దక్కింది.

నీరు కలిపినవి, పాలన విడదీసినవి

మెట్టలో కురిసిన వాన ఎర్రకాలువలో పొంగి నందమూరు దగ్గర ఏలూరు కాలువను దాటి డెల్టా చేలను ముంచుతుంది. తమ్మిలేరు వరద కొల్లేరులో కలుస్తుంది. ఎగువ, దిగువల కష్టం ఒకటే. అయినా 2022 జిల్లాల పునర్విభజనలో నల్లజర్ల తూర్పుగోదావరికి, ద్వారకా తిరుమల ఏలూరుకు, తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరికి వెళ్లాయి. ఒకే పరీవాహక సమస్యను ఇప్పుడు మూడు కలెక్టరేట్లు చూడాలి.

ముగింపు

మెట్ట వెనకబాటుకు ఎర్రనేలను నిందించడం సరికాదు. ప్రజాధనం ఏ మట్టం వరకు నీరు ఇచ్చిందన్నదే అసలు కారణం. ఇకపై ఎత్తిపోతల పథకాలతో మెట్టకు నీరు ఇస్తే, ఆ నీరు అందే ప్రతి గ్రామంలో బోర్ల లోతు, కౌలుదారుల వివరాలు నమోదు చేసి, నీటి ప్రయోజనంలో కౌలు రైతుకు వాటా కల్పించాలి. లేకపోతే కొత్త నీరూ పాత అంతరాన్నే పెంచుతుంది.