తెలుగు నేలపై మనోవిజ్ఞాన ప్రయోగ పద్ధతి

మనోవిజ్ఞాన శాస్త్రంలో ప్రయోగమంటే, పరిశోధకుడు ఒక పరిస్థితిని తానుగా మార్చి, ఆ మార్పు వల్ల మనుషుల ప్రవర్తనలో వచ్చే తేడాను కొలవడం. మార్చే అంశాన్ని స్వతంత్ర చరమనీ, కొలిచే ఫలితాన్ని పరతంత్ర చరమనీ అంటారు. నాచారం పారిశ్రామికవాడలోని చిన్న యజమానులకు శిక్షణ ఇచ్చిన ఏడాదికి వారి వ్యాపారం పెరిగిందనుకుంటే, అది శిక్షణ ఫలితమేనని వెంటనే చెప్పడానికి వీల్లేదు. ఆ ఏడు గిరాకీయే బాగుండి ఉండవచ్చు, లేదా ఉత్సాహవంతులే శిక్షణకు వచ్చి ఉండవచ్చు. అందుకే శిక్షణ తప్ప మిగతా అన్నింటా వారిని పోలిన మరో గుంపు, అంటే నియంత్రిత సమూహం, అవసరమవుతుంది. ఈ పద్ధతి చరిత్ర చాలావరకు సరైన పోలిక కోసం సాగిన అన్వేషణే.

1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ నెలకొల్పిన ప్రయోగశాల నమూనా 1916లో కలకత్తాకూ, 1924లో మైసూరుకూ చేరింది. సమూహాలను పోల్చే విధానానికి గట్టి పునాది పడింది మాత్రం వ్యవసాయ క్షేత్రాల్లోనే. ఏ మడికి ఏ ఎరువు వేయాలో చీటీల పద్ధతిలో నిర్ణయించే యాదృచ్ఛిక కేటాయింపును రొనాల్డ్ ఫిషర్ 1935 నాటి గ్రంథంలో సిద్ధాంతీకరించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1940ల్లో రూపొందించిన లంబ శ్రేణుల వల్ల, అనేక కారకాల ప్రభావాన్ని తక్కువ ప్రయోగాలతోనే పరిశీలించడం సాధ్యమైంది.

ఈ చరిత్రలో తెలుగు ప్రాంతానికి ప్రత్యేక స్థానం తెచ్చినది కాకినాడ ప్రయోగం. పనిని మరింత మెరుగ్గా చేయాలనే తపనను, అంటే సాధన ప్రేరణను, ఆర్థికాభివృద్ధికి చోదకశక్తిగా భావించిన హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్, 1961 నాటి తన గ్రంథంలో దేశాలను పోల్చి ఆ వాదాన్ని సమర్థించారు. అయితే రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఏది కారణమో తేలదు కాబట్టి, ప్రేరణను పెంచి చూడడమే మిగిలిన దారి అయింది. 1964 నుంచి కాకినాడలోని చిన్న వ్యాపారులను జట్లు జట్లుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు రప్పించి, సుమారు పది రోజుల శిక్షణ ఇచ్చారు. బొమ్మను చూసి కథ అల్లే పరీక్ష ద్వారా వారి ఆలోచనా ధోరణిని తెలుసుకుని, మరీ తేలికా మరీ కష్టమూ కాని లక్ష్యాలను పెట్టుకోవడం సాధన చేయించారు. పోలికకు రాజమండ్రిని తీసుకున్నారు.

డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌క్లెలాండ్ 1969లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, శిక్షణ పొందినవారిలో వ్యాపారపరంగా చురుకైనవారి వాటా ఐదోవంతుకు లోపు నుంచి దాదాపు సగానికి పెరగగా, పోలిక సమూహంలో అది నాలుగోవంతు దగ్గరే నిలిచింది. సంప్రదాయ విశ్వాసాలు వ్యాపార చొరవకు అడ్డుపడతాయన్న, అప్పట్లో బలంగా ఉన్న అభిప్రాయానికి ఈ ఫలితాలు ఊతమివ్వలేదు. ఇది గుర్తుంచుకోదగ్గ విషయం. అయినా పట్టణాలను చీటీ వేసి ఎంచలేదు గనుక, డోనాల్డ్ క్యాంప్‌బెల్, జూలియన్ స్టాన్లీ 1963లో చేసిన వర్గీకరణ ప్రకారం దీన్ని అర్ధ ప్రయోగంగానే పరిగణించాలి. పైగా తమను గమనిస్తున్నారన్న స్పృహతోనే మనుషుల పనితీరు మారవచ్చునన్న సందేహం షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగార అధ్యయనాల నాటి నుంచీ ఉంది. పనిచేసింది ప్రేరణా, పది రోజుల సహవాసమా అన్నది విడదీయాలంటే, అంతే కాలం వేరే శిక్షణ పొందిన మూడో సమూహం ఉండవలసింది.

విశాఖపట్నంలో పోలిక మరో రూపం తీసుకుంది. 1967లో కె. రామకృష్ణారావు నాయకత్వాన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏర్పడిన మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖకు సంబంధించిన రంగంలో, అతీంద్రియ జ్ఞాన పరీక్ష ఫలితాలను యాదృచ్ఛిక సంభావ్యతతోనే పోల్చాలి: ఐదు గుర్తులున్న 25 కార్డుల్లో గుడ్డిగా ఊహించినా సగటున ఐదు సరిపోతాయి. ఈ రంగపు ఫలితాలను శాస్త్రలోకం విస్తృతంగా అంగీకరించలేదు.

కాకినాడలో లోపించిన యాదృచ్ఛిక కేటాయింపు హైదరాబాదు బస్తీల్లో పెద్ద ఎత్తున అమలైంది, కానీ అది ఆర్థికశాస్త్రజ్ఞుల చేతుల మీదుగా. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం 104 బస్తీల్లో సగాన్ని యాదృచ్ఛికంగా ఎంచగా, స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ 2006, 2007 సంవత్సరాల్లో అక్కడ శాఖలు తెరిచింది. అప్పు దొరికిన చోట కొందరి వ్యాపార పెట్టుబడి పెరిగినా, ఆరోగ్యం, చదువు, స్త్రీల నిర్ణయాధికారం చెప్పుకోదగినంత మారలేదు. తరువాత నియంత్రిత బస్తీలకూ రుణాలు అందడంతో, రెండో విడత సర్వే నాటికి అప్పు అందినవారినీ అందనివారినీ కాక, ముందుగా అందినవారినీ ఆలస్యంగా అందినవారినీ పోల్చవలసి వచ్చింది.