పద్దు నంబర్ల కథ

మన పెన్షను 2071 పద్దు కింద ఖర్చు రాస్తారు. అందులో రిటైరైనవారిది 101, కుటుంబ పెన్షను 105. ట్రెజరీలో పనిచేసిన మిత్రులకిది కొత్త కాదు, ఇంట్లోవాళ్ల కోసం చెబుతున్నాను.

1974 ఏప్రిల్ 1కి ముందు పద్దులు ఏ శాఖ ఖర్చు పెట్టిందో చెప్పేవి గాని, ఏ పనికి పెట్టిందో సరిగా చెప్పేవి కావు. ఆ రోజు నుంచి దేశమంతటా పనినిబట్టి పద్దులు వచ్చాయి. పెన్షన్లకు 266 ఇచ్చారు. 1987 ఏప్రిల్ 1 నుంచి నాలుగంకెలు. 2తో మొదలైతే రెవిన్యూ ఖర్చు, 4 అయితే మూలధన వ్యయం. మన జి.పి.ఎఫ్. 8009, అంటే ప్రజా పద్దు. ఆ సొమ్ము సర్కారుది కాదు, మనది. అందుకే దాని చెల్లింపుకు శాసనసభ ఓటు అక్కరలేదు. పద్దు గాని, ఖాతా నంబరు గాని తప్పుపడితే చందా జమ కనిపించేది కాదు. కూతురి పెళ్లికి పార్ట్ ఫైనల్ అడిగినప్పుడు బయటపడేది ఆ మిస్సింగ్ క్రెడిట్!

బడ్జెట్ అదుపు అప్పట్లో రిజిస్టరులోనే. కేటాయింపెంత, ఇంతవరకు ఖర్చెంత, మిగులెంత అని బిల్లు మీద రాసేవాళ్లం. మార్చి నెలాఖరులో ఆ మూడు గడులకే అర్ధరాత్రి దాటేది. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో సి.ఎఫ్.ఎం.ఎస్. వచ్చాక ఆ కూడికలు కంప్యూటరువి. పద్దులో బడ్జెట్ లేకపోతే బిల్లు కదలదు. మంచిదే. అయితే మిగులున్న వేరే పద్దులో తప్పుగా రాసిన బిల్లును అది ఆపలేదు. దాన్ని పట్టుకోవలసింది ఏజీ ఆఫీసు లెక్కలతో సరిచూసే గుమాస్తానే.